పానకం మరిగిన బుల్లెమ్మ

మృగశిర కార్తె, మొదటి రోజు

ఇదిగో రాతపెట్టే, వింటున్నావా? ఎర్రదీపం వెలిగింది కాబట్టి వింటున్నట్టే లెక్క. గట్టు మీది ఆఫీసువాళ్ళు నిన్ను పడవలో పంపి, "విషశాలలో ఏం జరిగిందో దీనికి చెప్పండి, అదే రాసుకుంటుంది. సొంత విషయాలు కలిపితే టింగుమంటుంది, అప్పుడు ఆపేయండి" అన్నారు. పెళ్ళయి వచ్చినప్పట్నుంచీ ఈ తెప్పల మీదే ఉన్నదాన్ని, ఇందులో సొంతమేదో పరాయిదేదో నాకెలా తెలుస్తుందీ? సరే, నోరు కట్టుకోవడానికి ప్రయత్నిస్తాను.

పేరు పేరంటాలు. తెప్పలూరు విషశాలకు పెద్దని.

పొద్దున్నే మొదట చేసింది విషశాల అడుగున చిప్పలు గీకించడం. నెల్లాళ్ళు వదిలేస్తే చాలు, పిలవని చుట్టాల్లా ఆల్చిప్పలు దిగిపోయి తెప్పని ఒక పక్కకి ఒరగదీస్తాయి. తెప్ప ఒరిగితే పళ్ళేల్లో మందు ఒక మూలకి చేరుతుంది, పరీక్ష పాడవుతుంది. రెండు బుట్టల చిప్పలు గీకాక గానీ నేల చదునుకి రాలేదు.

తర్వాత బుల్లెమ్మకి మేత. బుల్లెమ్మ అంటే మనిషి కాదు. మడ అడవి బురదలో మా గురువుగారు తొమ్మిదేళ్ళు గాలించి పట్టిన సూక్ష్మజీవి. దాని ఒంట్లో ఊరే విషం కేన్సర్ కణాన్ని చంపుతుంది, మంచి కణం జోలికి పోదు. ఇప్పుడు ఏ ఊరికి ఆ ఊరి విషశాలే దిక్కు, ఏ ఊరి బురదలోంచి ఆ ఊరి మందే. పెరటి చెట్టు మందుకి పనికిరాదంటారు గానీ, మా ఊళ్ళో ఆ మాటంటే కొడతారు. బుల్లెమ్మ ఎంతోమందిని బతికించింది మరి.

అలా బతికినవాళ్ళింటి నుంచి బుల్లెమ్మకి సారె వస్తుంది. బిందెడు బెల్లం పానకం. మొదటి గరిటె బుల్లెమ్మ ఉండే గాజుకుండలో పోసి, మిగతాది మేం తాగుతాం. మా అత్తగారి కాలం నుంచీ ఉన్న ఆచారం. ఇవాళ పడమటి తెప్పలవాళ్ళు తెచ్చారు. మిరియాలు కాస్త ఎక్కువైనా బాగుంది.

మధ్యాహ్నం పడవలో గట్టు ఆసుపత్రి నుంచి చలిడబ్బా వచ్చింది. అందులో రెండు సీసాలు. ఒకదాంట్లో ఎవరిదో గడ్డలోంచి తీసిన కణాలు, ఇంకోదాంట్లో అదే మనిషి మంచి కణాలు. పేరుండదు, నంబరే. పేరు తెలిస్తే చెయ్యి వణుకుతుందని అలా పెట్టారు.

సాయంత్రం ఇంటికెళ్ళేసరికి మా తోడికోడలు జలజాక్షి నా గుమ్మంలో కూర్చుని ఉంది. మా రెండు వంటిళ్ళకీ మధ్య ఒక్క రేకు గోడ. మృగశిర మొదటి రోజు ఊరంతా చేపల పులుసు కదా, ఎవరి పులుసు గొప్పదో తేల్చమని ఏటా అన్నదమ్ములైన మా మొగుళ్ళిద్దర్నీ కూర్చోబెడతాం. వాళ్ళు రెండు గిన్నెలూ ఊడ్చిపెట్టి, తీర్పు చెప్పకుండా పారిపోతారు. ఈ ఏడు దాని వైపు పొయ్యే వెలగలేదు.

"ఏమే, ఓడిపోతానని ముందే చేతులెత్తేశావా?" అన్నాను.

"చేపల వాసనకి కడుపులో తిప్పుతోందక్కా," అంది. చీర కొంగు వేలికి చుట్టుకుంది. "ఇవాళ నీకొచ్చిన డబ్బాలో ఉన్నది నేనే. కాలేయంలో గడ్డంట. పోయిన నెల చీరలు కొనడానికి గట్టుకెళ్ళానని చెప్పింది అబద్ధం."

నేను దాని పక్కనే కూర్చుని మొహంలోకి చూశాను. 

"అలా చూడకు. నన్ను బాగా చూసుకో అక్కా. నీకు అలవాటేగా, ఉప్పెక్కువ మాత్రం వెయ్యకు," అని నవ్వి వెళ్ళిపోయింది.

టింగుమంటున్నావా? మోగు. ఇదీ రాసుకో.


మృగశిర కార్తె, ఆరో రోజు

పరీక్ష ఎలా చేస్తామో ఒక్కసారి చెప్తాను, మళ్ళీ అడక్కు. గుంతపొంగణాల పెనం ఉంటుంది చూడు, అలా గుంటలున్న పళ్ళెం. కాకపోతే గుంట శనగగింజంత. పై వరసల్లో గడ్డ కణాలు, కింది వరసల్లో మంచి కణాలు. బుల్లెమ్మ కుండలోంచి విషం వడకట్టి ఒక గుంటలో చిక్కగా, పక్క గుంటలో పల్చగా, ఆ పక్కన ఇంకా పల్చగా వేసుకుంటూ పోతాం. రెండు రోజులు ఒంటి వేడిలో ఉంచి, ఆపైన ఒక్కో గుంటలో పసుపు రంగు మందు చుక్క వేస్తాం. బతికున్న కణం ఆ పసుపుని తిని వంకాయ రంగు చేస్తుంది. చచ్చినదానికి ఆ ఓపిక ఉండదు, పసుపు పసుపుగానే మిగులుతుంది. అంటే పైన పసుపు, కింద వంకాయ రావాలి. అలా వరసగా మూడు పళ్ళేలు వస్తేనే ఆ విషాన్ని మనిషికి ఎక్కించనిస్తారు.

ఇవాళ మూత తీశాను. పైన వంకాయ. కింద వంకాయ. పళ్ళెం నిండా గుత్తివంకాయ కూర.

"కొంప మునిగింది డాక్టరమ్మా!" అని అరిచాను.

డాక్టర్ ఖాసింబీ పక్క గదిలోంచి పరిగెత్తుకొచ్చింది. మా ఊరి డాక్టరు, నాకు కూతురి వయసు. "పేరంటాలమ్మా, తెప్ప మీద ఉండి ఆ మాటనకండి. నేను లైఫ్‌జాకెట్ వేసుకోబోయాను," అంది. పళ్ళెం చూశాక ఆ అమ్మాయి నవ్వు కూడా ఆగింది.

విషం చిక్కగా వేసిన గుంటలో కూడా ఒక్క కణం చావలేదు. విషమా, కొబ్బరినీళ్ళా అది?

"ఎంత టైముంది?" అనడిగాను.

"ఆశ్లేష కార్తె దాటకముందే ఎక్కించాలి. ఆ తర్వాత గడ్డ పెద్ద రక్తనాళం చుట్టూ అల్లుకుపోతుంది. అప్పుడు గడ్డ కరిగినా నాళం తెగుతుంది, మనిషి దక్కదు."

ఆరుద్ర, పునర్వసు, పుష్యమి. మధ్యలో మూడు కార్తెలు, అంటే నలభై రోజులు. చాలా ఉంది అనుకున్నాను.


ఆరుద్ర కార్తె

పసుపు మందు మార్చాను. వడపోత గుడ్డ మార్చాను. వేడిపెట్టె తప్పు చూపిస్తోందేమోనని జ్వరం చూసే కడ్డీ అందులో పెట్టి చూశాను. అన్నీ బానే ఉన్నాయి. మళ్ళీ పరీక్ష. మళ్ళీ గుత్తివంకాయ.

తప్పు బుల్లెమ్మదే. విషం ఊరడం లేదు. చలిపెట్టెలో దాచిన పాత బుల్లెమ్మని తీద్దామంటే, పోయినేడు తుఫానుకి గాలిమరలు ఆగి కరెంటు పోయినప్పుడే అది కరిగి పాడైపోయింది. ఉన్నది ఈ ఒక్కతే.

ఇంతలో ఎవరు చెప్పారో, బుల్లెమ్మకి నీరసంగా ఉందని ఊరంతా పాకింది. తెప్పలూళ్ళో రహస్యం చెప్పాలంటే నీళ్ళలోకి దూకి చెప్పాలి. సాయంత్రానికి విషశాల ముందు పడవల వరస. ఒకరు పానకం, ఒకరు పాలు, ఒకరు కొబ్బరికోరు ఉడికించిన నీళ్ళు. ఒకావిడైతే బాలింతకి పెట్టే కాయం ముద్ద పట్టుకొచ్చింది. "పాపం, ఇంతమందిని బతికించి డస్సిపోయింది, ఒంటికి బలం కావాలమ్మా," అని కళ్ళ నీళ్ళు పెట్టుకుంది.

కాయం వద్దన్నాను గానీ, పానకం పోశాను. నిజం చెప్పొద్దూ, నాకూ అదే సబబనిపించింది. నీరసమైతే తిండి పెట్టాలి, ఇంట్లో ఎవరికైనా చేసేది అదేగా. డాక్టరమ్మ కూడా, "ఎదుగుదల పెరిగితే విషమూ పెరగాలి కదా," అంది.

నాలుగు రోజుల్లో బుల్లెమ్మ ఎదిగింది చూడూ, కుండ నిండా మీగడ కట్టినట్టు పేరుకుని మూత తోసుకుని బయటికి పొంగింది. బల్ల మీద, నేల మీద, నా చెప్పుల మీద. ముగ్గురం కూర్చుని తుడిచాం. ముగ్గురు అంటే డాక్టరమ్మ, నేను, నా మరిది ఏడుకొండలు. జలజాక్షి మొగుడు. గుడ్డ పిండుతూ, "వదినా, ఇంత బలిసిందంటే ఈసారి పనిచేస్తుందిగా?" అన్నాడు. అతని మొహం చూడలేక బకెట్ వైపు చూస్తూ "ఆఁ" అన్నాను.

పళ్ళెం మూత తీశాను. ఇంకా నిగనిగలాడే వంకాయ. ముందుకంటే ముదురు.


పునర్వసు కార్తె, మూడో రోజు

జలజాక్షి విషశాలకొచ్చింది. రోగులు లోపలికి రాకూడదని గోడ మీద రాసి ఉంది. "నాకు చదువు రాదనుకో," అని లోపలికొచ్చేసింది. బడిలో లెక్కలు చెప్పే మనిషి!

"నన్ను చూపించు," అంది.

మైక్రోస్కోప్ కింద దాని గడ్డ కణాలు పెట్టాను. కన్ను ఆనించి చాలాసేపు చూసింది. మనిషి సగమైపోయింది, గాజులు మోచేతి దాకా జారిపోతున్నాయి.

"ఇవేనా? ఉడికిన సగ్గుబియ్యంలా ఉన్నాయి. వీటికేనా ఇంత హడావిడి?"

"పక్కన చూడు. అవి నీ మంచి కణాలు."

"ఇవే అందంగా ఉన్నాయి. నా పోలికే." తల ఎత్తింది. "అక్కా, నిజం చెప్పు. అవుతుందా?"

అబద్ధం చెబుదామనుకున్నాను. దానికి నా మొహం పాతికేళ్ళుగా తెలుసు. "ఇంకా కాలేదే," అన్నాను.

"మరి కూర్చుని ఏం చేస్తున్నావు? నాతో కబుర్లాడే బదులు పని చేసుకోవచ్చుగా," అని విసుక్కుని లేచింది. గుమ్మం దగ్గర గోడ పట్టుకుని ఊపిరి తీసుకోవడం చూశాను. పట్టుకోబోతే, "వద్దులే, నీ చేతికి బుల్లెమ్మ అంటుకుని ఉంటుంది," అంది.

అది వెళ్ళాక ఏడ్చాను రాతపెట్టే. టింగుమనలేదే నువ్వు? పాడైపోయావా?


పునర్వసు కార్తె, పదో రోజు

మన విషం పనిచేయకపోతే పొరుగింటిది అడగాలి. దక్షిణాన ఉప్పుతెప్ప అనే ఊరుంది. వాళ్ళ విషశాల పెద్ద గతంలో మన బుల్లెమ్మని చూసి, "మీదేం విషమమ్మా, మాదైతే గాజు కూడా కరుగుతుంది," అని గొప్పలు పోయాడు. మనసు చంపుకుని అడిగాను. మంచివాడే, అడిగిన రోజే డ్రోన్‌లో సీసా పంపాడు.

రెండు రోజులాగి మూత తీశాను. పైన పసుపు! ఎగిరి గంతేశాను, నిజంగానే, తెప్ప ఊగింది. డాక్టరమ్మ నా భుజం మీద చెయ్యి వేసి, "కింద చూడండి," అంది.

కింద కూడా పసుపే. మంచి కణం ఒక్కటి మిగల్లేదు. పల్చగా చేసినా అంతే. ఆ ఊరి మనుషుల ఒళ్ళకి తగిన విషం అది. మా జలజకి ఎక్కిస్తే గడ్డా ఉండదు, జలజా ఉండదు.

 ఎండ సాగరం మీద పడి పైకప్పు మీద వల అల్లుతోంది. పసుపు చూస్తే నాకెప్పుడూ సంతోషం. ఇవాళ ఆ పళ్ళేనికి మూత పెట్టేశాను.

నాకు భయంగా ఉంది. అంతే, ఇవాళ రాయడానికి ఇంకేం లేదు.


పునర్వసు కార్తె, ఆఖరి రోజు

పొద్దున్న వండి పెట్టిన చేపల పులుసుతో మధ్యాహ్నం మా ఆయన అన్నం తింటున్నాడు. ఇరవైఏడేళ్ళుగా నేనేం పెట్టినా మాట్లాడకుండా తినే మనిషి. ఇవాళ రెండు ముద్దలు తిని ఆగాడు.

"ఏంటో పేరంటాలూ, ఈమధ్య నీ పులుసులో పదును తగ్గింది."

"నీ నాలిక తగ్గిందేమో చూసుకో," అన్నాను. అయినా గరిటెతో కొంచెం చేతిలో వేసుకుని నాకి చూశాను. నిజమే. చప్పగా ఉంది. కారం లేదు, పులుపు లేదు, మెంతిపొడి వెయ్యడమే మర్చిపోయాను.

"రేకు అవతల జలజ వండకపోతే నీకు చెయ్యి ఆడదు," అని మా ఆయన మళ్ళీ అన్నం కలుపుకున్నాడు. "ఇదివరకు అవతల తాలింపు వాసన రాగానే నువ్విక్కడ మిరపకాయలు రెట్టింపు తుంచేదానివి. మా నోళ్ళు మండి చచ్చేవి గానీ, ఏం పులుసులవి!"

గరిటె చేతిలో ఉండగానే బుల్లెమ్మ కుండ కళ్ళముందు కదిలింది.

మడ అడవి బురదలో గోరంత చోట్లో కోట్ల సూక్ష్మజీవులు ఒకదాని మీద ఒకటి పడి కొట్టుకుంటాయి. తిండి కోసం, చోటు కోసం. బుల్లెమ్మకి విషం ఎందుకు పుట్టింది? మనల్ని బతికించడానికా? దానికి మనమెవరం? పక్కింటిదాన్ని తరమడానికి పుట్టింది! అలాంటిదాన్ని తెచ్చి గాజుకుండలో ఒంటరిగా కూర్చోబెట్టి, ఏళ్ళ తరబడి పానకం పోశాం. పోరు లేదు, పొరుగు లేదు. కూర్చున్న చోటికి బెల్లం. ఇంక విషం ఎవరి కోసం చెయ్యాలి పాపం? మర్చిపోయి ఉండదు. అవసరం లేక మానేసి ఉంటుంది, నేను మెంతిపొడి మానేసినట్టు.

గరిటె పట్టుకునే విషశాలకి పరిగెత్తాను. డాక్టరమ్మకి చెప్పాను. విని, నా చేతిలో గరిటె చూసి, మళ్ళీ నా మొహం చూసింది.

"అంటే బుల్లెమ్మకి శత్రువుని తేవాలంటారా?"

"శత్రువు కాదమ్మా. తోడికోడల్ని."


పుష్యమి కార్తె, ఐదో రోజు

పోటు తగ్గినప్పుడు మడ అడవికి వెళ్ళాం. డాక్టరమ్మ మోకాళ్ళ దాకా దిగబడింది. లాగితే మనిషొచ్చింది, బూటు రాలేదు. గురువుగారు బుల్లెమ్మని పట్టిన చోట మడ వేళ్ళు ఇంకా అలాగే నీళ్ళలోంచి పైకి పొడుచుకుని ఉన్నాయి. వాటి మొదళ్ళ నుంచి డబ్బాడు బురద తెచ్చాం. కంపు ఎంతంటే పడవ నడిపినతను దారంతా ముక్కు మూసుకుని ఒంటిచేత్తో తోలాడు.

బురదలోంచి ఒక్కో సూక్ష్మజీవినీ విడదీసి పెంచాం. ఇక్కడే డాక్టరమ్మకి భయం పట్టుకుంది. "కలిపేస్తే బుల్లెమ్మే చచ్చిపోతే? మనకున్నది ఒక్కతే."

"కలిపేదెందుకూ? నేనూ జలజా ఒకే పొయ్యి మీద వండామా ఎప్పుడైనా? మధ్యలో గోడ ఉండాలి. వాసన రావాలి, మనిషి రాకూడదు."

గాజుకుండ మధ్యలో పల్చటి తెర కట్టాం. అందులోంచి నీళ్ళూ వాసనలూ అటూ ఇటూ పోతాయి, సూక్ష్మజీవి దూరలేదు. ఒక పక్క బుల్లెమ్మ. రెండో పక్క బురదలోంచి తీసినవాటిని ఒక్కోదాన్నీ తెచ్చిపెట్టి చూశాం. కొన్నింటిని బుల్లెమ్మ పట్టించుకోనేలేదు. కొన్ని బుల్లెమ్మ ధాటికి ఆ పూటే చచ్చి ఊరుకున్నాయి. ఆఖరికి ఒకటి దొరికింది. పాచిరంగుది, జిగురుది, బుల్లెమ్మ ఎంత తిట్టినా కదలకుండా గోడకి ఆనుకుని కూర్చునేది. దాని వైపు నుంచి ఏం వాసన వెళ్ళిందో గానీ, బుల్లెమ్మ కుండలో మీగడ తగ్గి నీళ్ళు పల్చబడ్డాయి. తిండి మానేసి పోట్లాటకి దిగింది తల్లి.

పానకం ఆపేశాను. ఆ మాట ఊళ్ళో చెప్పగానే గొడవైంది. కాయం తెచ్చినావిడ విషశాల మెట్ల మీద కూర్చుని, "కడుపు మాడుస్తావా? దాని ఉసురు నీకే తగులుతుంది," అంది.

"దానికి ఉసురు లేకుండా చేసింది మీ బెల్లమే తల్లీ! కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయి, ఇదెంత!" అని నేనూ అరిచాను. ఇద్దరం గొంతు పోయేదాకా అరుచుకున్నాం. తర్వాత ఆవిడే మంచినీళ్ళిచ్చింది.


పుష్యమి కార్తె, పదో రోజు

మూత డాక్టరమ్మని తియ్యమన్నాను. 

ఆ అమ్మాయి మూత తీసి పళ్ళెం నా ముందుకి జరిపింది.

పైన పసుపు. కింద వంకాయ.

పైవరసలో చిక్కటి గుంట పసుపు, పల్చటిది పసుపు, బాగా పల్చబడ్డదీ పసుపే. పెళ్ళికూతురి చెంపల్లా ఉన్నాయి. కింద మంచి కణాలు ఒక్కటి కూడా తగ్గకుండా నిగనిగలాడుతున్నాయి. "ఓసి నీ ఇల్లు బంగారం గానూ!" అని కుండని కావలించుకున్నాను. రెండు పక్కలా కలిపి.

డాక్టరమ్మ ఏడుస్తోంది. "ఇంకా రెండు పళ్ళేలు రావాలి," అంటూనే ఏడుస్తోంది.


ఆశ్లేష కార్తె, రెండో రోజు

రెండోది వచ్చింది. మూడోది ఇవాళ వచ్చింది. పైన పసుపు, కింద వంకాయ, మూడుసార్లూ. గట్టు ఆసుపత్రివాళ్ళు వీడియోలో చూసి సరేనన్నారు.


ఆశ్లేష కార్తె, నాలుగో రోజు

ఇవాళ ఎక్కించాం. మా ఊరి ఆసుపత్రి తెప్పలోనే, కిటికీ పక్క మంచం. సీసాలో విషం మంచినీళ్ళలా ఉంది. జలజాక్షి దాన్ని అనుమానంగా చూసింది.

"ఇదేనా? రంగు లేదు, రుచి లేదు. ఈమధ్య నీ పులుసులాగే ఉంది. మీ మరిది చెప్పాడులే."

"నోరు ముయ్యి. ఇది నీ కోసం పోట్లాడి పోట్లాడి చేసింది."

బుల్లెమ్మ పానకం సంగతీ, పక్కన పెట్టిన పాచిరంగుదాని సంగతీ చెప్పాను. విన్నంతసేపూ నవ్వింది, నవ్వితే పక్కలో నొప్పి వస్తున్నా ఆపలేదు. "అంటే నీకు విషం ఊరేది నావల్లేనన్నమాట. ఆ మాట నీ నోటితో ఒప్పుకున్నావు, మీ మరిది సాక్షి," అంది.

ఏడుకొండలు మంచం అవతల నిలబడి తల ఊపాడు.  భార్య పాదం ఒక్కటి దుప్పటి మీంచే పట్టుకుని ఉన్నాడు.

డాక్టరమ్మ సూది గుచ్చింది. చుక్క చుక్క దిగడం మొదలైంది. అప్పుడు జలజ నా చెయ్యి పట్టుకుంది. ఇన్నేళ్ళలో అది నా చెయ్యి పట్టుకోవడం, గాజులు లాక్కోవడానికి తప్ప, ఇదే మొదలు.

"అక్కా, భయమేస్తోంది."

"నాక్కూడానే."

"నేను పోతే నువ్వు గెలిచినట్టు కాదు. ఆట రద్దయినట్టు. తెలుసా?"

"తెలుసు. అందుకే పోవద్దు," అన్నాను.

సీసా ఖాళీ అయ్యేదాకా ఆ చెయ్యి వదల్లేదు.


మఖ కార్తె

జ్వరం. వాంతులు. చచ్చిన గడ్డ ఒంట్లోంచి పోయేటప్పుడు అంతేనంటుంది డాక్టరమ్మ. ఆ అమ్మాయి మాట నమ్ముతున్నాను గానీ, ఆసుపత్రి తెప్ప వైపు పడవ వెళ్తుంటే చాలు, గుమ్మంలోకి పరిగెత్తుతున్నాను. విషశాలలో చిప్పలు గీకించాను. బుల్లెమ్మ, దాని తోడికోడలు ఇద్దరూ క్షేమం.


పుబ్బ కార్తె, ఎనిమిదో రోజు

గడ్డ నిమ్మకాయంత ఉండేది. ఇవాళ స్కాన్ తెర మీద చూస్తే చింతగింజంత. ఇంకోసారి ఎక్కిస్తే అదీ పోతుందట. రక్తనాళం చెక్కు చెదరలేదు. డాక్టరమ్మ ఆ బొమ్మని పెద్దది చేసి ఆసుపత్రి గోడకి అంటిస్తానంది. "మా కాలేయం నలుగురూ చూడ్డమేంటి, సిగ్గులేదూ," అని జలజ ఒప్పుకోలేదు.


ఉత్తర కార్తె, మొదటి రోజు

ఇవాళ జలజాక్షి సారె తెచ్చింది. పానకం ఇప్పుడు నిషేధం కాబట్టి, కొత్త ఆచారం ఏం పెట్టాలా అని ఊరి పెద్దలు కూర్చుని తేల్చారు. బతికినవాళ్ళు మడ అడవి బురద ఒక గరిటెడు తెచ్చివ్వాలి, బుల్లెమ్మకి కాదు, దాని తోడికోడలికి. అది వడలిపోకుండా ఉంటేనే ఇది పనిచేస్తుంది కదా. మొదటి సారె జలజదే. పట్టుచీర కట్టుకుని, ముక్కు మూసుకుని, చెయ్యి బారెడు దూరం చాపి గరిటె పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. ఒళ్ళు ఇంకా తేలిగ్గానే ఉంది గానీ, గాజులు మణికట్టు దగ్గరే నిలిచాయి. వెనకాల కాయం తెచ్చినావిడ సన్నాయి ఊదినట్టు శోకాలు. ఆనందానికేనట.

బురద కుండలో పోశాక, "నా పేరు పెట్టారా దీనికి?" అనడిగింది జలజ.

"పెట్టలేదు."

"పెట్టండి. పాచిరంగుదీ జిగురుదీ అని నువ్వు తిట్టావటగా. పేరుంటే తిట్టడం సులువు."

సాయంత్రం ఇంటికొచ్చి చేపలు కడుగుతున్నాను. రేకు గోడ అవతల ఏదో గిన్నె చప్పుడైంది. ఆ వంటిట్లో పొయ్యి వెలిగి మూడు నెలలు దాటింది. ఏడుకొండలు కాబోలు టీ పెట్టుకుంటున్నాడనుకున్నాను. తర్వాత నూనెలో ఆవాలు చిటపటలాడాయి. మెంతులు మాడీ మాడకుండా వేగిన వాసన వచ్చింది. కరివేపాకు. చింతపులుసు పోసిన సుయ్‌మనే మోత.

చేప చేతిలోనే ఉండిపోయింది. కళ్ళు తుడుచుకుందామంటే రెండు చేతులకీ చేపల నీళ్ళు. మోచేత్తో తుడుచుకున్నాను.

"అక్కా!" అవతల నుంచి అరిచింది. "వాసన అందుతోందా?"

"ఏం వాసనే? మాడు వాసనా?"

"మాడిందో లేదో మృగశిరకి తేలుద్దాం!"

"మృగశిర దాకా ఎందుకూ? మీ ఆయన్నీ మా ఆయన్నీ ఇప్పుడే పిలు!"

టింగుమంటున్నావు రాతపెట్టే. మోగుతావో, పగులుతావో నీ ఇష్టం. ఇది సొంత విషయం కాదు, విషశాల విషయమే. ఇవాళ్టికి ఇంతే. దాని పులుసు పొంగేలోపు నేను వెళ్ళి ఇంకో చెంచా కారం వెయ్యాలి.